ఇల్లు ఇచ్చారు సరే, కింద నేల ఎవరిది?

2012 సెప్టెంబరు చివరి వారం. శ్రీలంక ఉత్తర ప్రాంతంలో వవునియా దగ్గర వున్న మెనిక్ ఫారం శిబిరాన్ని మూసేశారు. యుద్ధం ముగిసిన 2009లో దాదాపు మూడు లక్షలమందిని ముళ్లకంచె మధ్య వుంచిన శిబిరాలలో అన్నిటికన్నా పెద్దది అది. ఆఖరి కుటుంబాలు కూడా వెళ్లిపోయాయనీ, ఇక నిర్వాసితుల సమస్య తీరిపోయిందనీ ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఆఖరి కుటుంబాలలో ముల్లైత్తీవు జిల్లా కెప్పాపులవు గ్రామస్థులు కూడా వున్నారు. సామాను కట్టుకొని బస్సులెక్కారు. బస్సులు మాత్రం వాళ్ల వూరికి పోలేదు. వూరంతా సైనిక స్థావరమైపోయింది. అందుకని పక్కన అడవి కొట్టిన చోట దించి, అదే ‘మాదిరి గ్రామం’ అన్నారు. తమ కొబ్బరిచెట్లూ, బావులూ, పొలాలూ కంచె అవతల వుండగా, ఇవతల కొత్తగా పాక వేసుకోవలసివచ్చింది.

యుద్ధం తర్వాత ఇళ్లు కట్టించటమంటే ఏమిటో తెలుసుకోదలచినవాళ్లు కెప్పాపులవు నుంచే మొదలుపెట్టాలి. ప్రభుత్వాలు గోడలు లెక్కపెడతాయి. ఇన్ని వేల ఇళ్లు పూర్తి, ఇన్ని కోట్లు ఖర్చు అని బోర్డు పెడతాయి. కూలీ లెక్క వేరు. ఈ ఇల్లు ఎవరి నేలమీద లేచింది? ఎవరి అప్పుతో లేచింది? ఇంట్లో పొయ్యి వెలగటానికి పని ఎక్కడున్నది? ఈ మూడు ప్రశ్నలూ వేస్తే బోర్డుమీది అంకెల రంగు మారిపోతుంది.

శ్రీలంక సంగతి మనకెందుకు అనుకోనక్కరలేదు. అక్కడ లేచిన ఇళ్లలో పెద్ద భాగం భారత ప్రభుత్వం కట్టించింది. ఆ డబ్బు మన జనం పన్నుల డబ్బు. పైగా ఇంటిస్థలం పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మన వ్యవసాయ కూలీకి అక్కడి కథ కొత్తదేమీ కాదు.

కూలింది ఎంత?

1983లో మొదలైన యుద్ధం 2009 మే నెలలో ముల్లైత్తీవు తీరాన ముగిసింది. చివరి నెలల్లో సైన్యం గుళ్లు జనంమీద పడ్డాయి. పులులు జనాన్ని తమ మధ్య నుంచి కదలనివ్వలేదు, ఇంటికొకరిని బలవంతంగా పోరుకు లాక్కుపోయారు. రెండువైపులా నలిగినవాళ్లు రైతులూ, కూలీలూ, చేపలుపట్టేవాళ్లూ. ఉత్తర, తూర్పు ప్రాంతాలలో దాదాపు లక్షా 60 వేల ఇళ్లు కూలాయని లేక దెబ్బతిన్నాయని ఒక అంచనా. తిరిగివచ్చినవాళ్లకు చాలాచోట్ల మొండిగోడలే మిగిలాయి. రేకులు, తలుపులు, ద్వారబంధాలు, ఆఖరికి ఇటుకలతో సహా ఎవరెవరో తీసుకుపోయారు.

2010 జూన్‌లో అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స ఢిల్లీ వచ్చినప్పుడు 50 వేల ఇళ్లు కట్టిస్తామని భారత ప్రభుత్వం మాట ఇచ్చింది. దీనికి 1,372 కోట్ల రూపాయలు, అదీ అప్పుగా కాదు, ఉచితంగా కేటాయించింది. మొదట వెయ్యి ఇళ్లు కాంట్రాక్టు పద్ధతిలో కట్టి చూశారు. అవి 2012 జూలైలో పూర్తయ్యాయి. ఈ లెక్కన 50 వేలు కావటానికి ఎన్నేళ్లు పట్టాలి? అందుకని పద్ధతి మార్చారు. 2012 అక్టోబరు 2న మొదలైన రెండో దశలో కాంట్రాక్టరు పోయాడు. ఇంటి యజమాని బ్యాంకు ఖాతాలోనే డబ్బు వేశారు. కొత్త ఇంటికి అయిదున్నర లక్షల శ్రీలంక రూపాయలు, మరమ్మతుకు రెండున్నర లక్షలు. అప్పటి మారకం ప్రకారం అయిదున్నర లక్షలంటే మన రూపాయల్లో రెండుంబావు లక్షల దరిదాపు. పునాది లేచాక ఇంత, గోడలు లేచాక ఇంత, కప్పు పడ్డాక ఇంత అని విడతలవారీగా ఇచ్చారు. దగ్గరుండి సలహా చెప్పటానికి ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ, రెడ్ క్రాస్ వంటి సంస్థలను పెట్టారు.

ఈ పద్ధతిలో మంచిని మంచి అనే చెప్పాలి. కూలివాడి చేతికి డబ్బిస్తే తాగి తగలేస్తాడు, కాంట్రాక్టరుకు ఇస్తేనే ఇల్లు లేస్తుంది అని మన దగ్గర ఆఫీసర్లు ఎన్నేళ్లుగా పాడుతున్న పాట వుందే, దాన్ని ఉత్తర శ్రీలంక పేదలు తప్పని రుజువు చేశారు. 2012 చివరి నుంచి మూడు, నాలుగేళ్లలో దాదాపు 45 వేల ఇళ్లు లేచాయి. ఆడవాళ్లే ఇసుక మోశారు, ఇటుక కోశారు. తమ ఇల్లు కనుక సిమెంటులో దొంగతనం జరగలేదు. వంటగది ఎటు వుండాలో, గుమ్మం ఎటు వుండాలో కట్టుకునేవాళ్లే నిర్ణయించుకున్నారు. తాపీమేస్త్రీ కూలి, వడ్రంగి కూలి, ఇటుకబట్టీ డబ్బు ఆ జిల్లాలలోనే తిరిగింది.

కంపెనీల కన్ను

ఇంత అనుభవం కళ్లముందుండగా 2015లో వచ్చిన ప్రభుత్వం ఏం చేసింది? 65 వేల ఉక్కు ఇళ్లు తెప్పిస్తామన్నది. పేరు గొప్ప బహుళజాతి ఉక్కు కంపెనీ ఆర్సెలార్ మిట్టల్‌ది. ఒక్కొక్క ఇల్లు దాదాపు 21 లక్షల శ్రీలంక రూపాయలు. అప్పటికి మామూలు సిమెంటు రాయి ఇంటికి ప్రభుత్వమే ఇస్తున్నది ఎనిమిది లక్షలు. అంటే ఒక ఉక్కు ఇంటి డబ్బుతో రెండు ఇళ్లు లేపి ఇంకా మిగల్చవచ్చు. అదీ విదేశీ అప్పుతో. ఆ అప్పు తీర్చవలసింది మళ్లీ జనమే.

జాఫ్నా ప్రాంతంలో మచ్చుకు రెండు ఇళ్లు నిలబెట్టి చూపించారు. చూసినవాళ్లు పెదవి విరిచారు. ఎండలకు ఉక్కుగోడ పెనంలా కాలుతుంది, సముద్రపు గాలికి తుప్పు పడుతుంది, రేపు కొడుక్కి పెళ్లయితే ఒక గది పొడిగించాలన్నా కుదరదు అన్నారు. స్థానిక ఇంజనీర్లు పునాదినీ, కప్పునూ పరీక్షించి లోపాలు చూపించారు. జాఫ్నా పార్లమెంటు సభ్యుడు సుమందిరన్ వంటివాళ్లు లెక్కలు బయటపెట్టారు. ఆ పథకం అనుకున్న రూపంలో ముందుకు సాగలేదు.

కంపెనీలు అంతటితో వూరుకోలేదు. 2018లో 40 వేల ఇళ్లను 30 కోట్ల డాలర్ల చైనా అప్పుతో ఒక చైనా రైల్వే కంపెనీకి అప్పగించారు. మాకు కాంక్రీటు పలకల ఇళ్లు వద్దు, ఇటుక ఇళ్లే కావాలని జనం పట్టుబట్టారు. ఆ ఏడాది అక్టోబరులో దాన్ని పక్కకు పెట్టి, 28 వేల ఇళ్ల పనిని భారత కంపెనీ వున్న ఒక కూటమికి ఇవ్వాలని మంత్రివర్గం నిర్ణయించింది. పత్రికలేమో దీన్ని భారత–చైనాల పోటీగా రాశాయి. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని ఢిల్లీలోనూ, బీజింగులోనూ చర్చ. ముల్లైత్తీవులో తాటాకు పాకలో వున్న మనిషికి ఈ గెలుపోటములతో పని ఏమిటి? డబ్బు మా చేతికివ్వండి, మేమే కట్టుకుంటాం అని అతను అంటున్నాడు. 45 వేల ఇళ్లు కట్టి చూపించాక కూడా ఆ మాట పాలకుల చెవిన పడటం లేదు. కారణం తెలియనిదేం కాదు. కూలీ కట్టుకుంటే కమీషన్ రాదు.

పట్టా లేనివాడి గతి

ఇక ఆ మంచి పథకంలోని చెడ్డ సంగతి. డబ్బు రావాలంటే ముందు స్థలం తనదని కాగితం చూపించాలి. శ్రీలంకలో భూమిలో నూటికి 80 వంతుల పైచిలుకు ప్రభుత్వ భూమి. రైతు దున్నేదీ, ఇల్లు వేసుకునేదీ చాలాచోట్ల ప్రభుత్వమిచ్చిన పర్మిట్ మీద. పాతికేళ్ల యుద్ధంలో నాలుగైదుసార్లు వూరు విడిచి పరుగెత్తినవాళ్ల దగ్గర కాగితం ఎక్కడుంటుంది? ప్రాణం దక్కించుకున్నవాడు పర్మిట్ దక్కించుకోలేకపోయాడు. ఆఫీసుల్లో రికార్డులూ తగలబడ్డాయి.

కాగితం పోయినవాడి మాట ఇది. అసలు కాగితమే ఎన్నడూ లేనివాడి మాట ఇంకొకటి. వవునియా, కిళినొచ్చి ప్రాంతాల కూలీలలో ఎందరో కొండప్రాంతపు తేయాకు తోటలనుంచి వచ్చినవాళ్లు. తెల్లదొరలు దక్షిణభారతం నుంచి తోటలకు తోలుకుపోయిన కూలీల సంతతి. 1948లో చట్టం చేసి వాళ్లకు పౌరసత్వమే లేకుండా చేశారు. 1977లోనూ, ఆ తర్వాతా జరిగిన దాడులకు బెదిరి వన్ని అడవులకు పారిపోయి వచ్చారు. అడవి కొట్టారు, బీడు సాగులోకి తెచ్చారు, పెద్దరైతుల పొలాల్లో కూలి చేశారు. యుద్ధంలో అందరితోపాటు చచ్చారు, అందరితోపాటు శిబిరాల్లో పడ్డారు. ఇళ్లు పంచే రోజున మాత్రం ‘నీ స్థలం కాగితమేదీ?’ అన్న ప్రశ్న అందరికన్న ముందు వాళ్లకే ఎదురైంది. ఇల్లు లేదు గనుక పథకానికి అర్హుడు, స్థలం లేదు గనుక అనర్హుడు! ఇదెక్కడి న్యాయం?

మరొక వర్గం ఉత్తరప్రాంతపు ముస్లింలు. 1990 అక్టోబరులో పులులు దాదాపు 75 వేలమందిని గంటల వ్యవధిలో వూళ్లనుంచి వెళ్లగొట్టారు. వాళ్లు పుత్తలం ప్రాంతపు పాకల్లో రెండు దశాబ్దాలు గడిపారు. ఇళ్ల పంపకంలో యుద్ధం ఆఖరి దశలో కదిలినవాళ్లకు ముందువరస, వీళ్లకు వెనుకవరస అయింది. వాళ్లు వదిలివెళ్లిన నేలలో అడవి పెరిగిపోయింది. తమిళ పేదకూ, ముస్లిం పేదకూ మధ్య ఇళ్ల జాబితా ఒక కొత్త తగాదా అయికూర్చున్నది. ఉన్న పది ఇళ్లను వందమంది మధ్య పడేస్తే జరిగేది అదే. పేదలు ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటారు, పడేసినవాడు క్షేమంగా వుంటాడు.

ఇక ఆడవాళ్లు. ఉత్తర, తూర్పు ప్రాంతాలలో యుద్ధంలో భర్తలను కోల్పోయినవాళ్లు 89 వేలమంది అని 2010లో ప్రభుత్వ ఉపమంత్రే చెప్పాడు. చాలామంది భర్తలు చనిపోయారో, ఎక్కడన్నా నిర్బంధంలో వున్నారో తెలియదు. పర్మిట్ భర్త పేరన వున్నది. మార్చాలంటే మరణ ధ్రువపత్రం తెమ్మంటారు. తెస్తే, బతికి వున్నాడేమోనన్న ఆశను తన చేత్తో తానే చంపుకున్నట్లు. తేకపోతే నేల తనది కాదు. ఆ దేశపు 1935 నాటి భూ అభివృద్ధి చట్టంలో వారసత్వం విషయంలో కొడుకుకే ముందు హక్కు. 2022లో సవరించేదాకా అదే నడిచింది.

ఇంటితోపాటు వచ్చిన అప్పు

అయిదున్నర లక్షలతో 550 చదరపుటడుగుల ఇల్లు కట్టాలి. లెక్క కాగితంమీద సరిపోయింది. ఊళ్లో సరిపోలేదు. వేలాది ఇళ్లు ఒకేసారి లేస్తుంటే ఇసుక ధర పెరగదా? తాపీమేస్త్రీ కూలి పెరగదా? పైగా విడత ఎప్పుడొస్తుంది? ఆ దశ పని పూర్తయి, అధికారి వచ్చి చూసి సంతకం పెట్టాక. ఆ లోపు పని పూర్తి చేయటానికి డబ్బు ఎవరిస్తారు? మెడలో గొలుసు తాకట్టుకు పోయింది. అదీ లేనివాళ్లు సూక్ష్మరుణ కంపెనీల గడప తొక్కారు. కూలికి వెళ్లే మనిషి నెలల తరబడి ఇంటిపనిలోనే వుండిపోతే రోజుకూలీ కూడా పోయింది. గోడలు లేచేసరికి వారంవారం కిస్తీ కట్టమని గుమ్మంలో మనిషి.

ఈ కథ మనకు కంఠతా వచ్చినదే. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ కంపెనీల వేధింపులకు ఆడవాళ్లు ఉరిపోసుకుంటే, ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చేదాకా వచ్చింది. ఇక్కడ కట్టుబాట్లు పెడితే అక్కడ అదే వ్యాపారం విచ్చలవిడిగా సాగింది. ఉత్తర శ్రీలంక స్త్రీలు రోడ్డెక్కారు. 2018లో ప్రభుత్వం దిగివచ్చి, కరువు జిల్లాలలోని స్త్రీలకు లక్ష రూపాయల లోపు సూక్ష్మరుణాలను రద్దు చేస్తామని ప్రకటించవలసివచ్చింది.

ఆ దెబ్బ మానకముందే ఇంకొకటి. 2019 నవంబరులో ప్రభుత్వం మారింది. పాత ప్రభుత్వం గృహనిర్మాణ సంస్థ ద్వారా మొదలుపెట్టించిన ఇళ్లకు విడతలు ఆగిపోయాయి. ప్రభుత్వాన్ని నమ్మి పాత పాక పీకేసి పునాది తీసినవాళ్లు మొండిగోడల పక్కన రేకుల కింద మిగిలారు. 2022లో దేశమే దివాళా తీసి, సిమెంటు, ఇనుము ధరలు ఆకాశానికంటాయి. సగం కట్టిన ఇల్లు ఇల్లూ కాదు, అప్పు మాత్రం పూర్తి అప్పే!

కంచె అవతలి పొలం

ఇల్లు పూర్తయిందే అనుకుందాం. తినేదేమిటి? జాఫ్నా జిల్లా వలికామం ఉత్తర ప్రాంతం ఎర్రనేల, కూరగాయలకు పేరుపడ్డ నేల. 1990లో జనాన్ని ఖాళీ చేయించి భద్రతా మండలం చేశారు. యుద్ధం ముగిసి నాలుగేళ్లయ్యాక, 2013లో, 6,381 ఎకరాలు శాశ్వతంగా సేకరిస్తామని నోటీసులు అతికించారు. రెండువేలమందికి పైగా హక్కుదారులు కోర్టుకెక్కారు. 2015 తర్వాత విడతలవారీగా కొంత వదిలారు, ఇంకా కొంత నేటికీ సైన్యం చేతిలోనే వున్నది. పట్టుకున్న భూముల్లో సైన్యం కూరగాయలు పండించి అమ్మితే, పక్కన చిన్నరైతు బుట్ట ఎవరు కొంటారు? జీతమిచ్చి పెంచే సిపాయి సేద్యంతో, అప్పు తెచ్చి చేసే సేద్యం పోటీ పడగలదా?

ఇందులో మన ప్రభుత్వానికీ వాటా వున్నది. తూర్పుతీరాన ట్రింకోమలీ దగ్గర సంపూర్ గ్రామస్థులు 2006లో గుళ్లవర్షానికి పారిపోయారు. వాళ్లు తిరిగిరాకముందే ఆ భూముల్లో ఒక పరిశ్రమల మండలం, నౌకాదళ స్థావరం, భారత ప్రభుత్వరంగ సంస్థ ఎన్టీపీసీ భాగస్వామ్యంతో దాదాపు 500 ఎకరాల్లో బొగ్గు విద్యుత్ కేంద్రం అని గీతలు గీశారు. ఒక చేత్తో ఇల్లు, ఇంకొక చేత్తో వూరు! గ్రామస్థులు శిబిరాల్లో వుంటూనే పోరాడారు. 2015లో పరిశ్రమల మండలానికిచ్చిన 818 ఎకరాలు రద్దయ్యాయి. 2016లో నౌకాదళం 237 ఎకరాలు ఖాళీ చేసింది. అదే ఏడాది బొగ్గు కేంద్రాన్ని విరమిస్తున్నామని ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పింది.

కెప్పాపులవు జనం కూడా మాదిరి గ్రామంలో చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2017 జనవరి చివరిరోజున ఆ ప్రాంతంలోని పిలకుడియిరుప్పు ఆడవాళ్లు చంటిపిల్లలతో సహా వైమానికదళ స్థావరం గేటు ముందు బైఠాయించారు. పగలు ఎండ, రాత్రి మంచు. నెల తిరిగేసరికి, మార్చి 1న, గేటు తెరిచి నేల వదిలారు. అది చూసి కెప్పాపులవువాళ్లు కూర్చున్నారు. ఆ ఏడాది చివర వాళ్లకూ కొంత నేల వచ్చింది. 2018 ఏప్రిల్‌లో ఇరణైతీవు చేపలవాళ్లు అనుమతి కోసం ఎదురుచూడటం మానేసి, పడవలు కట్టుకొని, 1992 నుంచి తమకు దూరమైన ద్వీపానికి పోయి దిగారు. నౌకాదళం చూస్తూ వుండిపోయింది.

కాగితంమీద కన్ను

ఇదంతా గడిచిన కథ అనుకుంటే పొరపాటు. 2024లో జనతా విముక్తి పెరమున నాయకత్వంలోని కూటమి అధికారంలోకి వచ్చింది. ఎర్రజెండా చరిత్ర వున్న పార్టీ. ఉత్తరాది తమిళులు కూడా గణనీయంగా వోట్లు వేశారు. అటువంటి ప్రభుత్వపు యంత్రాంగమే 2025 మార్చి 28న ఒక గెజెటు వెలువరించింది. ఉత్తరాన నాలుగు జిల్లాలలో దాదాపు 5,940 ఎకరాలకు మూడునెలల లోగా హక్కు రుజువు చేసుకోవాలి, లేకుంటే ప్రభుత్వ భూమి అవుతుందని. సునామీలో, యుద్ధంలో కాగితాలు పోగొట్టుకున్నవాళ్లు, దేశంకాని దేశంలో శరణార్థులైనవాళ్లు మూడునెలల్లో ఎక్కడనుంచి తెస్తారు? గగ్గోలు లేచింది. జూన్‌లో సుప్రీంకోర్టు దాని అమలు ఆపింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. జెండా ఏ రంగుదైనా రెవెన్యూ ఆఫీసు బీరువా మారకపోతే, ఆ బీరువా తాళం పేదల చేతికి రాకపోతే, ఇటువంటి గెజెట్లు వస్తూనే వుంటాయి. మనవాళ్లని మనమే నిలదీయవలసిన రోజు వస్తే వెనుకాడకూడదు.

మనం అడగవలసింది

యుద్ధమైనా, తుపానైనా, ప్రాజెక్టు ముంపైనా, ఇల్లు కూలినవాడి వరస ఒకటే. ఉత్తర శ్రీలంక పేదలు నెత్తురూ చెమటా ధారపోసి నేర్పిన పాఠం నాలుగు మాటల్లో చెప్పుకోవచ్చు. స్థలం లేనివాడికి ముందు స్థలం ఇచ్చి, తర్వాత ఇంటి జాబితా రాయాలి. డబ్బు కాంట్రాక్టరుకు కాదు, కట్టుకునేవాడికి, అదీ పని మొదలుపెట్టకముందే అందాలి, ధర పెరిగితే పెంచాలి. పట్టా ఆడమనిషి పేరన వుండాలి. ఇంటితోపాటు పొలమో, పనో చూపించాలి, లేకుంటే ఆ ఇల్లు వడ్డీవాడి పాలవుతుంది.

ఇవి దానంగా రావు. 2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో ఇంటిజాగా, సాగుభూమి అడిగినవాళ్లకు తూటాలే సమాధానమయ్యాయి. జాగా అడగటం ఎంత పెద్ద మాటో మనకు తెలుసు, పిలకుడియిరుప్పు గేటు ముందు నెలరోజులు కూర్చున్న ఆడవాళ్లకూ తెలుసు. రేపు మన వూళ్లో ఇళ్ల జాబితా అంటించిన రోజున, పేరు వున్నదా అని మాత్రమే వెతికి వెళ్లిపోవద్దు. కింద నేల ఎవరిదని అడగండి. జాబితాలో పేరు లేని పక్కింటివాణ్ణి కూడా వెంటబెట్టుకెళ్లి అడగండి.